ఉత్తరపు రెక్క

ఆ వంతెనకు రెండు రెక్కలు. పడవ రావాలంటే రెండూ నడిమికి విడిపోయి, చెరో ఒడ్డు వైపు పైకి లేస్తాయి. పడవ దాటాక మళ్ళీ వాలి, అంచుకు అంచు ఆనించుకుని, బస్సులు తిరిగే మామూలు రోడ్డయిపోతాయి. తొంభై ఏళ్ళుగా జరుగుతున్నది ఇదే. దక్షిణపు రెక్క బుద్ధిగా చెప్పిన మాట వింటుంది. పేచీ అంతా ఉత్తరపు రెక్కదే. ఆ బుధవారం ఉదయం అది మనిషెత్తు లేచి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది.

పైన అద్దాల గదిలో మీట పట్టుకుని నిలబడ్డ మనిషికి నలభై రెండేళ్ళు. పడవల వాళ్ళు ఆమెను వంతెనక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో పగటి డ్యూటీ ఆమెదే. మోటారు మూలిగి, వైరు కాలిన వాసన కొట్టగానే ఆమె రెండు బ్రేకులూ బిగించి, కింది గేటు మనిషికి ఫోన్ చేసి, ఎవరినీ కదలనివ్వద్దని చెప్పింది. ఏట్లో ఇసుక పడవ సరంగు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. రోడ్డు మీద బస్సుల వరుస మార్కెట్ మలుపు దాకా పాకింది. చివరికి నలుగురు మనుషులు యంత్రాల గదిలోకి దిగి, కరెంటు లేని రోజుల కోసమని పెట్టిన చేతి చక్రాన్ని నలభై నిమిషాలు తిప్పితే గానీ రెక్క కిందికి రాలేదు.

ఆ ఏడాది అలా జరగడం మూడోసారి. పై ఆఫీసు వాళ్ళకు విసుగొచ్చింది. రెండు రెక్కలనూ శాశ్వతంగా అతికించేసి, పడవలను చుట్టుదారిన పొమ్మంటే సరిపోతుందని ఉత్తరం వచ్చింది. అతికించే ముందు ఒకసారి చూసి రిపోర్టు రాయమని ఒక ఇంజినీరును పంపారు.

వచ్చినవాడు ముప్పై దాటని మనిషి. ఎవరో పంపితే సంతకం పెట్టి పోయే రకం కాదు. టార్చిలైటు పట్టుకుని రెండు రోజులు వంతెన పొట్టలో దూరి తిరిగాడు. మూడో రోజు వంతెనక్కను కిందికి పిలిచి ఉత్తరపు వైపు పళ్ళ చక్రం చూపించాడు. లావుగా ఉండవలసిన ఇనుప పళ్ళు అరిగి అరిగి గోరంత పలచనయ్యాయి. దక్షిణపు వైపు చక్రం మాత్రం నిన్న బిగించినట్టుంది.

“రెండూ ఒకే రోజు పుట్టాయి, ఒకే పని చేశాయి. ఒకదానికే పళ్ళెందుకు అరిగాయండీ?” అని అడిగాడు. ఆమె అరిగిన పళ్ళను వేలితో తడిమి చూసింది. ఇప్పుడున్న పెద్ద మోటారు బిగించక ముందు ఇక్కడ పనిచేసినవాళ్ళు ఎవరైనా బతికున్నారా అని అడిగాడు. జవాబు ఉండీ ఆమె చెప్పలేకపోయింది. చూస్తానంది.

బతికున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె నాన్న. రెండోవారు ఆమె మేనమామ.

ఒకప్పుడు ఆ ఇద్దరిదీ విడదీయరాని జత. మామయ్య బ్రేకు మీద, నాన్న కింద రాతి గట్టు మీద. రెక్క దిగి కూర్చునేటప్పుడు గడియ సరిగ్గా పడిందో లేదో చూడడం నాన్న పని. రెక్క చివరి రెండు అడుగులూ నిద్రపోతున్న పిల్లను పక్క మీద వేసినంత మెల్లగా దిగేది. అందుకే గట్టు మీద నిలబడడానికి ఎవరూ భయపడేవారు కాదు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అది మెల్లగా దిగలేదు. పడింది. నాన్న కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది, తీసేయాల్సి వచ్చింది.

విచారణ వారం రోజుల్లో ముగిసింది. బ్రేకు వేయడంలో ఆలస్యం జరిగిందని తేల్చారు. మామయ్య ఉద్యోగం పోయింది. నాన్న స్థానంలో కూతురికి ఉద్యోగం ఇచ్చారు. తమ్ముడి చెయ్యి ఆలస్యమై తన మొగుడి కాలు పోయిందని అమ్మ నమ్మింది. ఆ రోజు నుంచి తమ్ముడి గడప తొక్కలేదు, తన గడప తొక్కనివ్వలేదు. ఇంట్లో ఆయన పేరెత్తితే గిన్నెలు చప్పుడయ్యేవి. మామయ్య కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఊరి ఆ చివర ఉండిపోయాడు. ఏరు దాటాల్సి వస్తే ఆ వంతెన మీదుగా రాడనీ, గంట ఎక్కువైనా ఎగువనున్న వేరే వంతెన చుట్టి వస్తాడనీ ఎవరో చెప్పగా వంతెనక్క వింది.

రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు డ్యూటీ దిగాక వంతెనక్క ఆ కొట్టుకు వెళ్ళింది.

గుమ్మంలో నిలబడితే వెలుతురు తగ్గేంత చిన్న కొట్టు. గోడ నిండా మిషన్ చక్రాలు, బెల్టులు, డబ్బాల్లో సూదులు. మామయ్య తల ఎత్తకుండానే, ఏ కంపెనీ మిషనో, దారం తెంపుతోందా, కుట్టు జారుతోందా అని అడిగాడు.

“మిషను కాదు మామయ్యా. వంతెన,” అంది ఆమె.

ఆయన అప్పుడు తలెత్తాడు. చాలాసేపు చూశాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, గోళ్ళ చుట్టూ నల్లటి నూనె గీతతో. కూర్చోమని స్టూలు జరిపాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. అతికించేస్తారన్న సంగతీ చెప్పింది. ఆయన స్క్రూడ్రైవరుతో పని చేసుకుంటూనే ఒక్క ప్రశ్న వేశాడు.

“ఎక్కువ మూలిగేది లేవడం మొదలెట్టినప్పుడా, పైకి వెళ్ళాకా?”

“మొదట్లోనే. పైకి వెళ్ళేకొద్దీ తేలికైపోతుంది.”

స్క్రూడ్రైవరు ఆగింది. “అయితే జబ్బు మోటారుది కాదమ్మా. రెక్క ముక్కు బరువెక్కింది.”

ఆ మాట అర్థం కావాలంటే ఆ వంతెన కట్టిన తీరు తెలియాలి. మొదట్లో నూట ఎనభై టన్నుల రెక్కను పిండిమర మోటారంత మోటారు ఎత్తుతుందంటే జనం నమ్మలేదట. మొదటిసారి లేపిన రోజు సగం ఊరు ఒడ్డున చేరింది, పడిపోతే చూద్దామని. కట్టిన పెద్ద ఇంజినీరు కిటుకు వెనక పెట్టాడు. రెక్క ఒక లావాటి ఇరుసు మీద ఆని ఉంటుంది. ఏటి వైపు పొడవైన భాగం, ఒడ్డు వైపు నేల గుంటలో పొట్టి తోక. ఆ తోకకు ఇల్లంత ఇనుప పెట్టె, దాని నిండా ఎదురు బరువు. ముందు ఎంత తూగుతుందో వెనక అంతకు సరిపడా తూగుతుంది. తూగుబల్ల చివర కూర్చున్న పిల్లను లేపాలంటే, నడుముకు దగ్గరగా కూర్చునేవాడు లావుపాటి వాడై ఉండాలి కదా, అలాగ. రెండు వైపులా సరితూగాక మోటారు చేయాల్సిందల్లా కాస్త నెట్టడమే. ముందుముందు రోడ్డు మార్చితే బరువు మారుతుందని కూడా ఆ మహానుభావుడు ఊహించాడు. అందుకే ఎదురు బరువు పెట్టెలో కొన్ని అరలు ఖాళీగా వదిలి, మూతలు బిగించి, అవసరాన్ని బట్టి ఇనుప దిమ్మలు వేసుకోండి, తీసుకోండి అని రాసి పెట్టి పోయాడు.

“ముక్కు బరువెక్కడానికి వీల్లేదే,” అన్నాడు మామయ్య తనలో తను. “చెక్క రోడ్డు తీసి తారు రోడ్డు వేసినప్పుడు దిమ్మలు వేశారు. వంతెన రికార్డు పుస్తకంలో రాసి కూడా ఉంది. నేనప్పుడు టైఫాయిడ్‌తో పదకొండు రోజులు మంచాన ఉన్నాను. లేచి వచ్చాక ఆ పేజీ నా కళ్ళతో చూశాను.”

వచ్చి చూడమని ఆమె బతిమాలలేదు. రేపూ ఎల్లుండీ ఎనిమిదింటికి తాను అక్కడే ఉంటానని మాత్రం చెప్పి లేచింది.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడు ఎనిమిదింటికి అద్దాల్లోంచి చూస్తే వంతెన మొదట్లో, పాదచారుల బాటకు ఇవతల నిలబడి ఉన్నాడు. పది నిమిషాలు అలాగే ఉన్నాడు. బస్సు ఎక్కబోయేవాళ్ళు ఆయన్ని తప్పుకుని వెళ్తున్నారు. తర్వాత తారు రోడ్డు మీద కాలు పెట్టి, తిన్నగా నడిచి వచ్చేశాడు.

ఇంజినీరు ఆయన్ని చదువుకున్న పెద్దమనిషిని చూసినట్టే చూశాడు. కుర్చీ వేశాడు, అడిగినదానికల్లా కాగితాలు తీశాడు. మామయ్య కోరింది చిన్న పరీక్ష. గేట్లు మూయించి, కింద ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, రెక్కను మోకాలెత్తు లేపి, బ్రేకు ఒక్క క్షణం వదిలి చూడాలి. సరితూకంలో ఉన్న రెక్క అక్కడే ఉండాలి, లేదంటే కాసేపు ఆలోచించుకుని మెల్లగా దిగాలి.

వంతెనక్క బ్రేకు వదిలింది. రెక్క ఆలోచించుకోలేదు. వెనక నుంచి ఎవరో తోసినట్టు కిందికి దూకింది. ఆమె వెంటనే బ్రేకు బిగించింది. బ్రేకు కీచుమని పెద్దగా అరిచింది, అయినా రెక్క జానెడు జారి గానీ ఆగలేదు.

మామయ్య కిటికీ చట్రం పట్టుకున్నాడు.

“ఆ రోజూ ఇంతే,” అన్నాడు. “వేశాను. అరిచింది. ఆగలేదు.”

ముగ్గురూ గుంటలోకి దిగారు. ఎదురు బరువు పెట్టె మీద అరల మూతలు రంగు పొరల కింద కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. బోల్టులు తుప్పు పట్టి అతుక్కుపోయాయి. ఒక్కొక్కటే కోయించడానికి మధ్యాహ్నం దాటింది. మొదటి మూత తీసి ఇంజినీరు లోపలికి చెయ్యి పెట్టాడు. భుజం దాకా వెళ్ళింది. ఏమీ తగల్లేదు. రెండో అరా అంతే. మూడో అరా అంతే. దక్షిణపు వైపు అరలు తర్వాత తీసి చూస్తే దిమ్మలతో నిండుగా ఉన్నాయి. పుస్తకంలో పంతొమ్మిదేళ్ళ కిందటి పేజీలో మాత్రం “ఉత్తరపు రెక్కకు నూట అరవై దిమ్మలు వేయడమైనది” అని గుండ్రటి అక్షరాలతో ఉంది. కింద అప్పటి పెద్ద ఆఫీసరు సంతకం.

ఇంజినీరు మెట్టు మీద కూర్చుని లెక్క వేశాడు. తారు రోడ్డు వల్ల ముందు వైపు రెండు టన్నులు పెరిగింది. తోక పొట్టిది కాబట్టి దానికి సరిపడా వెనక ఆరు టన్నుల పైచిలుకు వేయాలి. వేయలేదు. ఆ అదనపు లాగుడును ఆపే బలం పాత బ్రేకుకు లేదు. ప్రమాదం తర్వాత పెద్ద మోటారు, పెద్ద బ్రేకు బిగించి, మొండిగా లాక్కొచ్చారు. ఆ మొండితనానికే పళ్ళు అరిగిపోయాయి.

“ఎవరు ఎంత తొందరగా వేసినా ఆ పాత బ్రేకుకు ఈ రెక్క ఆగదండీ,” అని ఆయన మామయ్యతో అన్నాడు. “నేను లెక్కతో సహా రాసిస్తాను.”

మామయ్య తలూపాడు. మరి ఆ దిమ్మలేమయ్యాయని అడిగాడు. కొన్నట్టు కాగితం ఉంది, బండి దిగినట్టు కాగితం ఉంది. సామాన్ల గది వెనక వెతికితే దొరికాయి. గోడ వారన పొడవుగా పేర్చి, మీద చెక్క పలక పరిచి ఉన్నాయి. పని వాళ్ళందరూ రోజూ భోజనం చేసే బల్ల అదే. వంతెనక్క కూడా పద్దెనిమిదేళ్ళుగా దాని మీదే కూర్చుని క్యారేజీ విప్పుతోంది. పలక తీసి లెక్కపెడితే సరిగ్గా నూట అరవై.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అంతా చెప్పింది. మామయ్య దగ్గరకు వెళ్ళిన దగ్గర్నుంచి దిమ్మల దాకా, ఏదీ దాచకుండా. అమ్మ పొయ్యి ఆపేసి వచ్చి కూర్చుంది. ముఖం మీద చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. అయితే వాడి తప్పేమీ లేదా అని రెండుసార్లు అడిగింది. లేదని కూతురు రెండుసార్లూ చెప్పింది.

నాన్న చాలాసేపు పేపరు మడతలు సరిచేస్తూ ఉన్నాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టాడు.

“నాకు తెలుసు,” అన్నాడు. “ముందు బ్రేకు అరిచింది. తర్వాతే రెక్క పడింది. గట్టు మీద ఉన్నది నేను కదా. నా చెవులతో విన్నాను.”

మిగిలింది ఆయన తల వంచుకుని చెప్పుకొచ్చాడు. ఆస్పత్రిలో ఉండగా పెద్ద ఆఫీసరు పళ్ళ సంచితో వచ్చాడట. విచారణ అయిపోయిందనీ, అమ్మాయి ఉద్యోగానికి ఫైలు కదులుతోందనీ, కొత్త మాటలేవో లేవదీస్తే అన్నీ మొదటికొస్తాయనీ నవ్వుతూ చెప్పి వెళ్ళాడట. ఉన్న కాలు ఒకటి, ఇంట్లో సంపాదించే మనిషి లేడు. ఉద్యోగం వచ్చాక చెబుదామనుకున్నాడు. వచ్చాక, పోతుందేమోనని భయపడ్డాడు. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

అమ్మ కేకలు వేయలేదు. “పంతొమ్మిదేళ్ళు,” అంది. “నేను నా తోడబుట్టినవాణ్ణి తిట్టుకుంటూ ఉంటే, పక్కన కూర్చుని విన్నారు.” లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఎవరూ అన్నం తినలేదు.

వంతెనక్కకు మర్నాడు అద్దాల గదిలో కుర్చీ పరాయిదిలా అనిపించింది. ఆ కుర్చీ తనకెలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది. మధ్యాహ్నం దాకా ఆలోచించి, ఇంజినీరు దగ్గరకు వెళ్ళి, నాన్న విన్న సంగతి కూడా రిపోర్టులో చేర్చమంది. దాని వల్ల ఆమె ఉద్యోగం మీద ఎవరైనా వేలెత్తి చూపవచ్చని ఆయన గుర్తు చేశాడు. చూపనివ్వండి, వంతెన ఎత్తడం వచ్చో రాదో అప్పుడు చూసుకుందాం అందామె. నాన్న వాంగ్మూలం రాసి సంతకం పెట్టాడు.

అమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. ఆమె కుట్టు మిషను ఆరేళ్ళుగా మూలన పడి ఉంది. ఏ కొట్టుకూ ఇవ్వనిచ్చేది కాదు. దాన్ని బండి మీద వేయించుకుని తమ్ముడి కొట్టుకు తీసుకెళ్ళింది. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చినప్పుడు కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మిషను మాత్రం గడగడా నడుస్తోంది. కూతురు అడిగితే, ఆరేళ్ళూ దానికి నూనె వేయలేదని వాడు తిట్టాడని మాత్రం చెప్పింది.

నాన్న ఆదివారం వెళ్ళాడు. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కొట్టు గుమ్మంలో నిలబడే చెప్పాడు, లోపలికి రాకుండా. విన్నాననీ, తెలిసీ నోరు మూసుకున్నాననీ. మామయ్య చేతిలో పని ఆపలేదు. బెల్టు బిగించి, చక్రం ఒకసారి తిప్పి చూసి, అప్పుడు మాట్లాడాడు.

“ఇన్నాళ్ళూ నా చేతినే అనుమానించాను బావా. నిజంగానే ఆలస్యమైందేమోనని. నిద్రలో కూడా బ్రేకు వేసేవాణ్ణి.”

“తెలుసు.”

“తెలీదు నీకు.” మామయ్య చక్రాన్ని చేత్తో ఆపాడు. “ఇప్పుడు ఇంటికెళ్ళు. అమ్మాయి కోసం చేశావు, అర్థమవుతోంది. కానీ నాకు కొన్నాళ్ళు నీ మీద కోపంగా ఉండాలనుంది. నన్ను ఉండనీ.”

నాన్న తలూపి వచ్చేశాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు, వాడు న్యాయంగానే మాట్లాడాడని.

రిపోర్టు వెళ్ళాక రెండు నెలలు ఏ కబురూ లేదు. తర్వాత ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. అతికించే ఆలోచన మానుకున్నామనీ, దిమ్మలు వేసి, పళ్ళ చక్రం మార్పించమనీ మొదటిది. పాత విచారణ తీర్పు రద్దు చేస్తున్నామనీ, సదరు ఉద్యోగి దోషం ఏమీ లేదనీ రెండోది. రెండోదానిలో మూడే మూడు వాక్యాలు. క్షమాపణ లేదు. వేయని దిమ్మలను వేశామని ఎందుకు రాశాడో ఆ పెద్ద ఆఫీసరును అడుగుదామంటే, ఆయన ఎప్పుడో చనిపోయాడు. వంతెనక్క ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

దిమ్మలు వేసే రోజున మామయ్య తెల్లారేసరికే వచ్చాడు. పిలిచింది ఇంజినీరే. నూట అరవై దిమ్మలు, ఒక్కొక్కటి నలభై కిలోలు. ఎనిమిది మంది వరుసగా నిలబడి చేతికి చెయ్యి అందించుకుంటూ గుంటలోకి దింపారు. ఏ అరలో ఎన్ని వెయ్యాలో మామయ్య చెప్పాడు. నూట యాభై రెండు వేశాక ఆపమన్నాడు. అరిగిన తారు బరువు తగ్గింది కదా అన్నాడు. ఇంజినీరు లెక్క చూసుకుని, నూట యాభై మూడు వస్తోందన్నాడు. ఇద్దరూ ఒక్క దిమ్మ గురించి పావుగంట వాదించుకున్నారు.

నాన్నను అమ్మ తీసుకొచ్చింది. వంతెనక్క ఆయన్ని అద్దాల గదిలో తన కుర్చీలో కూర్చోబెట్టింది. గేట్లు మూశారు. మామయ్య మెట్లెక్కి వచ్చి, నాన్న వైపు చూడకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె రెక్కను మోకాలెత్తు లేపింది. మోటారు మూలగలేదు. బ్రేకు వదిలింది.

రెక్క అక్కడే ఉంది. గాలికి కాస్త ఊగి, మళ్ళీ అక్కడే నిలబడింది. ఇంకాసేపటికి అది తన ఇష్టం వచ్చినంత నెమ్మదిగా దిగి, చప్పుడు లేకుండా కూర్చుంది. కింద గుంటలోంచి పని వాళ్ళు ఈలలు వేశారు.

మామయ్య రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ విడివిడిగా, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత గోడ పక్కనున్న స్టూలు లాక్కుని నాన్నకు ఎదురుగా కూర్చున్నాడు.

“కాలెలా ఉంది బావా?” అన్నాడు.

“ఏ కాలు? ఉన్నదా, లేనిదా?”

“లేనిదే.”

“చలికాలం నొప్పెడుతుంది,” అన్నాడు నాన్న. “వేళ్ళ దగ్గర. లేని వేళ్ళు ఎలా నొప్పెడతాయని మీ అక్క నమ్మదు.”

“నేను నమ్ముతాను,” అన్నాడు మామయ్య.